దూది కుక్కిన గంట

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు లిఫ్టు దగ్గర కనబడితే చాలు, "ఆంటీ, మీ రోజుల్లో కోడ్ అంతా చేత్తోనే రాసేవాళ్లటగా!" అని ఆశ్చర్యపోతున్నారు. నేనేదో తిరగలి తిప్పి పిండి విసిరినట్టు! ఔను నాయనా, చేత్తోనే రాశాం, చేత్తోనే చెడగొట్టాం, చేత్తోనే బాగుచేసుకున్నాం. ఇప్పుడు మీకు మెషీన్ రాసిపెడుతోంది, చాలా సంతోషం. కానీ అది రాసినదాన్ని చదవాల్సింది మీరే. ఏ లైను ఉందో చూడటం ఎవరికైనా వస్తుంది. ఉండాల్సిన లైను లేదని కనిపెట్టడానికి మాత్రం కాస్త దెబ్బలు తిని ఉండాలి. అలాంటి దెబ్బ ఒకటి చెబుతాను వినండి. గొప్పలు చెప్పుకోవడానికి రాస్తోందని మీరనుకుంటే అనుకోండి, కొంత అందుకే రాస్తున్నాను.

రిటైరయ్యేదాకా నేను పనిచేసింది అబిడ్స్‌లో, ఒక పాత కాంప్లెక్స్ పై అంతస్తులో. కింద చెప్పుల షాపు, దాని మీద సూటింగుల షాపు, ఆ పైన మేం. లిఫ్టు ఉండేది కానీ దాన్ని నమ్మి ఎక్కేవాళ్లు లేరు. పెద్ద పెద్ద కంపెనీలన్నీ మాదాపూర్ గాజు మేడల్లోకి వెళ్లిపోయినా మేం కదల్లేదు. ఎందుకంటే మా కస్టమర్లంతా చుట్టుపక్కలే ఉన్నారు. బషీర్‌బాగ్‌లో నర్సింగ్ హోములు, లక్డీకాపూల్‌లో ల్యాబులు, నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక బ్లడ్ బ్యాంకు. ఎవరికేది ఆగిపోయినా మేం నడిచివెళ్లి చూసొచ్చేవాళ్లం. దానికి మా యజమాని "నడక సపోర్ట్" అని పేరు పెట్టి, కొత్త కస్టమర్లకు అదో పెద్ద సదుపాయంలా చెప్పుకునేవాడు.

మా యజమానిది కృష్ణా జిల్లా. మా నాన్నలాగే వాళ్ల నాన్న కూడా ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మనిషి మాటకారి, వ్యాపారం తెలిసినవాడు, మంచివాడే. అయితే ఆయనకు రెండంటే రెండు భయాలుండేవి. ఒకటి, కస్టమర్ ముందు తప్పు ఒప్పుకోవడం. రెండోది, సూది. మొదటిది మాకు రోజూ కనబడేదే. రెండోది అందరం టీకాలు వేయించుకున్న రోజుల్లో బయటపడింది. కళ్లు గట్టిగా మూసుకుని పక్కనున్న మా అకౌంటెంట్ చెయ్యి పట్టుకున్నాడట. ఆ చెయ్యి సాయంత్రందాకా ఎర్రగానే ఉంది, నేను చూశాను.

ఇంకొక మనిషి, ఈ కథకు ముఖ్యమైనవాడు, సిద్దిపేట నుంచి వచ్చి మా దగ్గర డెవలపర్‌గా స్థిరపడినవాడు. వేళ్లు చురుకు, నోరు ఇంకా చురుకు. ఏ పని చెప్పినా "అయిపాయె మేడం, గదెంతసేపు!" అనేవాడు. చాలాసార్లు అయిపోయేది కూడా. అందుకే అతనంటే నాకు ఇష్టం, ఆ మాటంటే మాత్రం ఒళ్లు మంట.

ఇప్పుడు కాస్త పని సంగతి. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి, తెలియనివాళ్లు భయపడకండి.

దాతల దగ్గర తీసిన రక్తాన్ని విడదీసి దాచుతారు. ఎర్ర కణాలను ఫ్రిజ్‌లో చల్లగా ఉంచాలి. రక్తం కారడాన్ని ఆపే ప్లేట్‌లెట్లు మాత్రం ఫ్రిజ్‌లో పెడితే చెడిపోతాయి. వాటిని ఏసీ గదిలో ఉండేంత చల్లదనంలో, ఊగే అరల మీద, ఆపకుండా ఊపుతూ ఉంచాలి. ఊగడం చాలాసేపు ఆగిపోతే ఆ సంచులు పనికిరావు. పనికిరాని సంచీ, పనికొచ్చే సంచీ పక్కపక్కన పెడితే మనలాంటి వాళ్లకు తేడా తెలియదు.

ఫ్రిజ్‌లు, ఊగే అరలు, ఇలాంటి పెట్టెలన్నిటినీ కనిపెట్టి ఉండే ప్రోగ్రామ్ మాది. ఏ పెట్టెకైనా కావలసిన ఉమ్మడి పనులన్నీ ఒక చోట రాసి పెట్టాను. దాన్ని పేరెంట్ క్లాస్ అంటాం. అందులో, కొత్త పెట్టె మొదలైనప్పుడు అన్నిటికంటే ముందు నడిచే భాగం పేరు కన్‌స్ట్రక్టర్. నా కన్‌స్ట్రక్టర్ రెండు పనులు చేసేది. పెట్టె ఎంత చల్లదనంలో ఉండాలో హద్దులు పెట్టేది, ఆ పెట్టెను గంట కాపలాలో చేర్చేది. గంట అంటే నిజం గంటే, గోడకు బిగించిన కరెంటు గంట. సైరన్ పెడితే రక్తమిచ్చేవాళ్లు జడుసుకుంటారని బ్లడ్ బ్యాంకు డాక్టరు గారు గంటే కావాలన్నారు. తన కాపలాలో ఉన్న పెట్టెల్ని ప్రోగ్రామ్ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతుంది, ఏది హద్దు దాటినా గంట మోగిస్తుంది. కాపలాలో చేరని పెట్టె తగలబడుతున్నా దానికి పట్టదు.

బ్లడ్ బ్యాంకు వాళ్లు ప్లేట్‌లెట్ల కోసం ఊగే పెట్టె ఒకటి కొత్తగా కొన్నారు. పేరెంట్‌ను ఆధారం చేసుకుని, ఆ ఒక్క పెట్టెకు సరిపడేలా చైల్డ్ క్లాస్ రాసే పని సిద్దిపేట అతనికి అప్పజెప్పాను. పేరెంట్‌లో ఉన్నవన్నీ చైల్డ్‌కు వస్తాయి, నిజమే. కానీ మేం వాడే భాషలో ఒక మెలిక ఉంది. చైల్డ్ తన కన్‌స్ట్రక్టర్ తాను రాసుకుందంటే, పేరెంట్ కన్‌స్ట్రక్టర్ దానంతటది నడవదు. సూపర్ అని రాసి, పనిగట్టుకుని పిలవాలి.

కొత్త పెట్టె పెట్టిన రోజు నుంచి గంట ఒకటే మోత. బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ రోజుల్లో నేను లక్డీకాపూల్‌లో ఒక ల్యాబు పనిలో పీకల్లోతు మునిగి ఉన్నాను. ఒక మధ్యాహ్నం సిద్దిపేట అతనే ఫోన్ చేసి "అయిపాయె మేడం, గంట బందైంది. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. నాకూ ప్రాణం హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున లేబుళ్ల ప్రింటరు మొరాయిస్తోందంటే నేనే నాంపల్లి వెళ్లాను. వానాకాలం, డెంగ్యూ రోజులు. స్టేషన్ రోడ్డు మీద పిక్కల్లోతు నీళ్లు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లోపలికి వెళ్లేసరికి, కౌంటర్ దగ్గర ఒకామె కూర్చుని ఉంది. ముప్ఫై దాటి ఉంటాయి, తల తుడుచుకోవడానికి కొంగు తప్ప ఇంకేం లేదు. నేను ప్రింటరు విప్పుతుంటే తనే మాట కలిపింది.

"మా తమ్ముడమ్మా. గౌలిగూడల ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల పనిజేస్తడు. బషీర్‌బాగ్ దవాఖానల ఏసినం. చిగుర్లకెల్లి రక్తం కారుతున్నది. నిన్న ఆళ్ల ఆఫీసోళ్లంత వచ్చి రక్తమిచ్చిపోయిన్రు. గిప్పుడు సంచులిస్తరంట."

"ఇస్తారమ్మా, ఇంకెంత" అన్నాను. ఆమె మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఊరెక్కడని అడిగితే కొడంగల్ దిక్కు అంది. వానకు బస్సులు దొరక్క ఎలా వచ్చిందో చెబుతోంది. అంతలో లోపలి గదిలోంచి టెక్నీషియన్ కేక వినబడింది.

"అరే, గిదేంది! నిలవడ్డది!"

ఆ టెక్నీషియన్ నాంపల్లిలోనే పుట్టి పెరిగినవాడు. ఆ బ్లడ్ బ్యాంకులో అందరికంటే పాతకాపు. నేను లోపలికి వెళ్లేసరికి ఊగే పెట్టె ఊగడం లేదు. ఆయన స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. అరలు నెమ్మదిగా ఊగడం మొదలుపెట్టాయి. ఈలోగా డాక్టరు గారు వచ్చారు. ఆవిడ తక్కువ మాటల మనిషి.

"ఎప్పుడాగింది?"

"గిప్పుడే మేడం. జరసేపటి కింద కరెంటు పోయొచ్చింది గద, గప్పుడే ఆగింది. ముందుగాలనే ఆగుంటే గంట మోగకపోవునా? నిన్నటి సంది చప్పుడే లేదు."

కాసేపు ఆగితే సంచులకు ఏమీ కాదు. డాక్టరు గారు నా వైపు తిరిగారు. "మీరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. గంట మోగలేదు. అంటే ఇప్పటిదాకా ఊగినట్టే. సంచులు పంపించేయొచ్చా?"

"నిక్షేపంగా" అనే మాట నా నోటిదాకా వచ్చేసింది. నా క్లాస్ మీద నాకంత నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది, ఆ సంగతి వేరు. కానీ చూడకుండా సమాధానం చెప్పే అలవాటు నాకు మొదట్నుంచీ లేదు. మా ఆయన కూర ఎలా ఉందని అడిగినా నేను రుచి చూసే చెబుతాను. "ఒక్క నిమిషం ఆగండి, చూసి చెబుతాను" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ముందు కాపలా స్క్రీన్ తెరిచాను. ఫ్రిజ్‌లన్నీ ఉన్నాయి. ఊగే పెట్టె లేదు. ఇదేమిటి చెప్మా అనుకుంటూ చైల్డ్ క్లాస్ తెరిచాను. పెట్టె ఊగుతోందో లేదో చూసే ముక్కను, మేం మెథడ్ అనేదాన్ని, చక్కగా రాశాడు. అందులో పేరెంట్ మెథడ్‌ను సూపర్‌తో పిలిచి, చల్లదనం కూడా చూడమన్నాడు. శభాష్ అనుకున్నాను. పైకి జరిగి కన్‌స్ట్రక్టర్ చూశాను. హద్దులు పెట్టాడు. దాని కింద సూపర్ అని పిలిచే లైను ఉంది, కానీ లైను మొదట్లో ఒక గుర్తు ఉంది. ఆ గుర్తు పెడితే కంప్యూటర్ ఆ లైనును చదవకుండా దాటేస్తుంది.

కుర్చీ ముందుకు లాక్కుని ఆ లైను మళ్లీ చదివాను.

పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడవలేదు. ఊగే పెట్టె గంట కాపలాలో చేరనే లేదు. అంత ముద్దుగా రాసిన మెథడ్‌ను పిలిచే నాథుడే లేడు. పెట్టె రాత్రంతా ఆగి ఉన్నా ఆ గంట మోగేది కాదు. మోగలేదన్న ఒక్క మాటను పట్టుకుని మేమంతా అక్కడ నిలబడి ఉన్నాం.

లేచి డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. "గంట మోగలేదన్న మాట లెక్కలోకి తీసుకోకండి డాక్టరు గారూ. నిన్న మధ్యాహ్నం నుంచి మా ప్రోగ్రామ్ ఈ పెట్టెను చూడటమే లేదు."

"అయితే ఎప్పుడాగిందో..."

"తెలియదు. ఇందాకే ఆగి ఉండొచ్చు, రాత్రే ఆగి ఉండొచ్చు. తెలుసుకునే దారి లేదు."

టెక్నీషియన్ నన్ను పక్కకు లాగినంత పని చేశాడు. "మేడం, మీకు దండం పెడత. సంచులు మంచిగనే ఉన్నయి, జర చూడున్రి. బయట ఆమె ఎట్ల కూసున్నదో చూసిన్రు గద. ఆళ్ల దోస్తులు మల్ల ఇయ్యరాదు, నిన్ననే ఇచ్చిన్రు. వేరే కాడ దొరకాలె గద!"

ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. ఆయనకు ఆమె మీద జాలి, నాకు లేదా? కానీ పనికిరానివి ఎక్కిస్తే నర్సింగ్ హోములో ఎక్కించామనుకుని ఊరుకుంటారు, అక్కడ రక్తం కారుతూనే ఉంటుంది. డాక్టరు గారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచారు. "పక్కన పెట్టేయండి. ఒక్కటీ బయటికి పోకూడదు" అని, వేరే బ్లడ్ బ్యాంకులకు ఫోన్ చేయడానికి తన గదిలోకి వెళ్లారు.

ఆమెకు చెప్పాల్సిన పని నామీద పడింది. నేనే తీసుకున్నాను అనాలి. చెబుతున్నంతసేపూ ఆమె నా నోటి వంకే చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"సంచులు కండ్ల ముంగట ఉన్నయి! ఊగుతున్నయి! నువ్వచ్చి గా డబ్బల ఏదో చూసి ఇయ్యద్దంటవా? నా తమ్ముడు ఆడ సస్తుంటే! నీ నోట్ల మన్నుబడ! నీ కంప్యూటర్ పాడుగాను!"

నోరున్నదాన్నే, కానీ ఆ నోటికి అప్పుడు పనిలేదు. చాలా బాధేసింది. అయినా చెప్పింది తప్పని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

సిద్దిపేట అతనికి ఫోన్ చేశాను. "పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను ఎందుకు పిలవలేదయ్యా?"

"పిలిస్తే గంట ఆగుతలేదు గద మేడం! నేను హద్దులు పెట్టి సూపర్ పిలుస్తున్న, అది పోయి మల్ల ఫ్రిజ్ హద్దులే పెడుతున్నది. ఊగే పెట్టె చల్లగ లేదని గంట మోగుడే మోగుడు. ఆళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి నన్ను సంపుకతిన్నరు. గా లైను తీస్తే బందైంది. అయిపాయె అనుకున్న."

"ముందు సూపర్, తర్వాత నీ హద్దులు! పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి! అంతే కదయ్యా!"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. "వస్తున్న మేడం" అన్నాడు.

ఆ తర్వాత యజమాని ఫోన్. సిద్దిపేట అతను ఆయనకు చెప్పే బయల్దేరాడు.

"ఎవరడిగారండీ మిమ్మల్ని?"

"డాక్టరు గారు అడిగారు సార్."

"అడిగితే? ఆఫీసుకెళ్లి చూసి చెబుతామనాలి. ముందు నాకు చెప్పాలి. ఏం చెప్పాలో ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను కదా."

"మీరు చూసుకునేలోపు సంచులు బషీర్‌బాగ్ చేరిపోయేవి సార్."

"నేనే వస్తున్నా. అప్పటిదాకా మీరు ఇంకో ముక్క మాట్లాడొద్దు" అని పెట్టేశాడు. గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువగా ఉంది.

వేరే బ్యాంకుల్లో ఎక్కడా ప్లేట్‌లెట్లు లేవు. లక్డీకాపూల్‌లో ఒకరు సాయంత్రానికి చూస్తామన్నారు. నర్సింగ్ హోము వాళ్లు అంతసేపు ఆగలేమంటున్నారు. ఇక మిగిలింది ఒకటే దారి. ఒక మనిషి రక్తాన్ని మెషీన్‌లోకి పంపి, ప్లేట్‌లెట్లు మాత్రం తీసుకుని మిగతాది తిరిగి ఎక్కించే ఏర్పాటు అక్కడ ఉంది. దాత దొరికితే చాలు. నాకు రక్తమే తక్కువ. ఆమె నరాలు మరీ సన్నం, మెషీన్‌కు ఆగవన్నారు. టెక్నీషియన్ ఈమధ్యే ఇచ్చి ఉన్నాడు.

అబిడ్స్ నుంచి వానలో పరుగెత్తుకొచ్చిన సిద్దిపేట అతను సంగతి వినగానే చొక్కా చేతులు మడిచాడు. "నావి తీసుకోండ్రి. ఎన్ని కావాల్నో తీసుకోండ్రి."

"గోలీలు గిట్ల ఏమన్న ఏసుకున్నవా?" అన్నాడు టెక్నీషియన్.

"నిన్న తలనొప్పుంటే ఒకటేసిన. గీ గంట గోలకే మేడం, తల పగిలిపోయింది" అని జేబులోంచి తీసి చూపించాడు. టెక్నీషియన్ ఆ అట్ట చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ మాత్ర వేసుకున్నవాళ్ల ప్లేట్‌లెట్లు కొన్నాళ్లపాటు సరిగా పనిచేయవట. అతను మడిచిన చేతులు అలాగే ఉంచుకుని బల్ల మీద కూలబడ్డాడు. "సార్ వస్తున్నడు, నా వెనకాలే" అన్నాడు నీరసంగా.

టెక్నీషియన్‌కు ఆ మాట చాలు. బయటికి వెళ్లి ఆమెతో, "ఫికర్ జెయ్యకమ్మా, ఆళ్ల ఆఫీసుల నుంచి ఇంకొకాయన వస్తున్నడు" అన్నాడు. ఎందుకు వస్తున్నాడో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నన్ను నోరు మూసుకోమని చెప్పడానికి వస్తున్నాడు.

వచ్చాడు. గొడుగు ఉంది కానీ ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. గుమ్మంలోంచే నన్ను చూసి వేలెత్తాడు. ఆ వేలు సగంలో ఉండగానే ఆమె ఎదురెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"అన్నా, నువ్వేనా ఇచ్చెటోనివి? గింత వానల వచ్చినవా? నీ కాల్మొక్త అన్నా, నా తమ్ముణ్ణి బతికియ్యి."

ఆయన గొడుగు కింద పడిపోయింది. ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఔనమ్మా, మా సారే" అన్నాను నేను.

ఆయన గిర్రున నా వైపు తిరిగాడు. నన్ను చూసిన ఆ చూపు మీకు వర్ణించి చెప్పలేను. టెక్నీషియన్ అప్పటికే ఆయన మోచేతి దగ్గర తడిమి చూస్తున్నాడు. "మాషా అల్లా, సార్ నరం మస్తుంది! గిసుంటి నరం రోజు దొరకది. ఏమన్న తిన్నరా సార్?"

"ఇడ్లీ" అన్నాడు ఆయన, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

డాక్టరు గారికి పరిస్థితి అర్థమైనట్టుంది. పక్కకు తీసుకెళ్లి చెప్పారు, "బలవంతం లేదండీ. ఇష్టం లేకపోతే లేదనండి, ఆమెకు నేను చెప్పుకుంటాను." ఆయన అద్దంలోంచి బయట నిలబడ్డ ఆమెను చూశాడు. కొంగు నోట్లో కుక్కుకుని ఇటే చూస్తోంది. "ఇస్తానండి" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కొంచెం... ఎవరైనా చెయ్యి పట్టుకుంటే బాగుండు" అన్నాడు. సిద్దిపేట అతను లేచివెళ్లి పట్టుకున్నాడు.

నా పక్కగా వెళుతూ "మీ సంగతి తర్వాత చూస్తాను" అన్నాడు.

"చూద్దురుగాని సార్, ముందు పడుకోండి" అన్నాను.

పరీక్షలన్నీ సరిపోయాయి. సూది గుచ్చినప్పుడు కుర్చీలోంచి ఒక కేక వినబడింది, అది ఆయనదో, చెయ్యి పట్టుకున్నవాడిదో నేను అడగలేదు. మెషీన్ తిరగడం మొదలుపెట్టాక ఆయన కళ్లు మూసుకునే డాక్టరు గారితో అన్నాడు, "తప్పు మాదేనండి. పెట్టెది కాదు, కరెంటుది కాదు, మాదే." అన్నేళ్లు కలిసి పనిచేశాను, ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఆ గదిలో ఇంకెవరికీ దాని విలువ తెలియదు, అందుకని నేనే మనసులో చప్పట్లు కొట్టుకున్నాను.

చెయ్యి విడిపించుకున్నాక సిద్దిపేట అతను వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సూపర్ లైనును పైకి తెచ్చాడు, గుర్తు చెరిపేశాడు, తన హద్దుల్ని దాని కింద పెట్టాడు. మళ్లీ నడిపించాడు. కాపలా స్క్రీన్ మీద ఊగే పెట్టె కనబడింది. గంట మోగలేదు.

"అయి..." అని ఆగిపోయి నా మొహం చూశాడు.

"మోగకపోవడం నిన్న కూడా చూశావు" అన్నాను. "ఇప్పుడు మోగడం చూడు."

ఖాళీ చేసిన పెట్టెను కావాలనే ఆపాం. స్క్రీన్ మీద ఎర్రగా వెలిగింది, గంట మోగుతోందని అక్షరాలు పడ్డాయి. చెవులు రిక్కించాం. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అతని మొహం పాలిపోయింది. "మేడం, దీన్ల మోగుతున్నది మేడం! ఒట్టు!" అన్నాడు. ఇంకేం మిగిలిందిరా భగవంతుడా అని నేననుకుంటుంటే గోడ మీద నుంచి తుక్కు తుక్కుమని, ఎవరో దిండు మీద కొడుతున్నట్టు వినబడింది.

టెక్నీషియన్ మెల్లగా స్టూలు తెచ్చుకున్నాడు. ఎక్కి, గంట గిన్నెలోకి వేళ్లు పెట్టి, లాగాడు. దూది! తీస్తుంటే వస్తూనే ఉంది. దాతలకు సూది తీశాక అదిమి పెట్టే దూదే.

"మొన్న ఆగకుండ మోగితే, రక్తమిచ్చెటోళ్లు పరేషాన్ అవుతున్నరని పెట్టిన మేడం" అన్నాడు, నావైపు చూడకుండా. "తీసుడు మర్చిపోయిన."

ఆఖరి దూది ఊడివచ్చిందో లేదో, గంట ఖణఖణమని మోగింది. కుర్చీలో ఉన్న మా యజమాని "ఏమైంది? నాకేమైంది?" అని కెవ్వుమన్నాడు. "మీకేం గాలే సార్, గంట మంచిగైంది" అని సిద్దిపేట అతను అరిచాడు. డాక్టరు గారు నవ్వారు, నేను నవ్వాను. సంచీ నిండుతోందా అని చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఆమె కూడా, ఏం జరిగిందో తెలియకపోయినా, నవ్వింది.

సంచీ సిద్ధమవగానే సిద్దిపేట అతను దాన్ని మోసుకెళ్లే డబ్బాలో పెట్టుకుని, ఆమెను ఆటో ఎక్కించుకుని బషీర్‌బాగ్ వెళ్లాడు. మా యజమాని మామిడిరసం ప్యాకెట్టు తాగుతూ, మోచేతి మీద పట్టీని అందరికీ కనబడేలా పెట్టుకుని, నాతో పాటు అబిడ్స్ దాకా నడిచాడు. నా సంగతి చూస్తానన్నది చూడలేదు. మర్నాడు మాత్రం అందరినీ పిలిచి, "మోగించి చూపించకుండా ఏ పనీ అయినట్టు కాదు" అన్నాడు. ఆయన సొంతంగా కనిపెట్టినట్టే చెప్పాడు, నేను పోనిలే అనుకున్నాను.

పిల్లలూ, మీరు అడగబోయేది నాకు తెలుసు. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ ఒక్కటే రెండు పనులు చేస్తుంటే, ఒకటి వద్దనుకున్నవాడు రెండూ వదిలేయడా అని. వదిలేస్తాడు. అందుకే ఆ వారంలోనే హద్దులు పెట్టే పనిని విడదీసి ఒక మెథడ్‌గా రాశాను. చైల్డ్‌కు ఏ హద్దులు కావాలో అదే మార్చుకోవచ్చు, కాపలా జోలికి రానక్కర్లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చాటింపు వేయలేదు. మీరు మాత్రం ఏ క్లాస్ చూసినా, చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లో సూపర్ ఉందా, ఉంటే మొదట ఉందా అని చూడండి. లేకపోతే ఎందుకు లేదో రాసినవాడిని అడగండి. మెషీన్ రాస్తే మెషీన్‌నే అడగండి. తీసేసిన లైను వెనక చాలాసార్లు ఒక విసిగిపోయిన మనిషి ఉంటాడు, అతను దేనికి విసిగాడో కనుక్కోండి.

వానలు తగ్గి సీతాఫలాల రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద ఆయాసం వినబడింది. చూస్తే ఆమె, నెత్తిన గంపతో. లిఫ్టు ఎక్కలేదు, తెలివైనది. తమ్ముడు మళ్లీ గౌలిగూడలో డ్యూటీకి పోతున్నాడని గుమ్మంలోనే చెప్పింది. మా యజమాని చేతిలో పండ్లు పెట్టి, మళ్లీ కాళ్లు మొక్కబోతే ఆయన కుర్చీ వెనక్కి పారిపోయాడు. సిద్దిపేట అతనికి ఇచ్చింది, అకౌంటెంట్‌కు ఇచ్చింది. ఆఖరికి నా దగ్గరికి వచ్చి నిలబడింది. గంపలో వెతుకుతోంది, తల ఎత్తడం లేదు.

"ఆ దినం నిన్ను మస్తు తిట్టిన గదమ్మా" అంది.

"తిట్టావు. నా నోట్లో మన్ను కొట్టావు" అన్నాను.

"డాక్టరమ్మ మల్ల నాకంత సమజ్ చేసి చెప్పింది. నువ్వు ఊకుంటే నేను గా సంచులే పట్టుకపోదును. తమ్మునికి ఎక్కిచ్చిన్రు, ఇగ మంచిగైతడని ఇంట్ల కూసుందును." గంప అడుగునుంచి బాగా పండిన కాయ ఒకటి తీసి, చితికిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని నా చేతిలో పెట్టింది. "మల్ల ఎవరికన్న గట్లనే అయిందనుకో, గట్లనే చెప్పు. నా అసుంటిది తిడితే తిట్టనియ్యి. నువ్వు చెప్పు."

సరేనని తల ఊపాను. ఆమె ఖాళీ గంప చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను కీబోర్డు పక్కకు జరిపి, కాగితం పరుచుకుని, ఆ పండును అక్కడే తిన్నాను.